నర్సరీ పిల్లాడికి రోజూ నాలుగు పేజీల రాత: మా బాబు వెనకబడ్డాడా, స్కూల్ తొందరపడుతోందా?

చిన్నోడి అమ్మ, నల్లగొండ

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ టౌన్. మా బాబుకు మూడేళ్ళ పది నెలలు. జూన్‌లో ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో నర్సరీలో వేశాం. పేరు చెప్పను, ఊళ్ళో మంచి పేరున్న స్కూలే. మొదటి పది రోజులు ఏడ్చాడు, తర్వాత సంతోషంగానే పోయాడు, ఇంటికొచ్చి రైమ్స్ పాడేవాడు, మేడం ఏమన్నదో చేతులు తిప్పుతూ చెప్పేవాడు. దసరా సెలవులయ్యాక రాత మొదలుపెట్టారు. రోజూ డైరీలో నాలుగు పేజీలు ఉంటున్నాయి. ఏ నుంచి జెడ్ దాకా ఒక పేజీ, వన్ టు ఫిఫ్టీ ఒక పేజీ, అ ఆలు ఒక పేజీ, ఇంకో పేజీ నిండా ఏదో ఒక అక్షరం. అదీ నాలుగు గీతల పుస్తకంలో, గీత దాటకుండా.

సాయంత్రం ఆరున్నరకు కూర్చోబెడితే ఎనిమిదిన్నర దాకా ఇద్దరికీ అదే పని. పెన్సిల్‌ను పిడికిలితో పట్టుకుంటాడు, కాగితం చిరిగేలా ఒత్తుతాడు, రెండు లైన్లు కాగానే "అమ్మా, చెయ్యి గుంజుతుంది" అంటాడు. రాయకుండా ఉండడానికి అట్లా అంటున్నాడని మొదట్లో గట్టిగా అరిచాను కూడా. మొన్న నిద్రపోయాక చూస్తే వేలి పక్కన ఎర్రగా కంది ఉంది. చాలా బాధేసింది. మర్నాడు వాడి చెయ్యి నా చేతిలో పట్టుకుని మొత్తం నేనే రాయించి పంపించాను. ఆ పేజీకి 'గుడ్' అని రాసి స్టార్ పెట్టారు. ఆ స్టార్ చూసినప్పటి నుంచి నాకు మనసు బాగాలేదు.

ఇంకో సంగతి. రాత్రిళ్ళు పక్క తడపడం మానేసి ఏడెనిమిది నెలలైంది, ఇప్పుడు మళ్ళీ మొదలైంది. పొద్దున యూనిఫాం చూడగానే కడుపు నొప్పి అంటున్నాడు.

మా అత్తమ్మ ఏమో "మా పిల్లలు పలక మీద దిద్దలేదా, నువ్వే గారాబం చేస్తున్నావ్" అంటుంది. పక్కింటి పాప వీడికంటే రెండు నెలలు చిన్నది, ఇప్పటికే వంద దాకా రాస్తుందట. మావారు హైదరాబాద్‌లో జాబ్, వారానికోసారి వస్తారు, ఫోన్‌లో చెబితే స్కూల్‌వాళ్ళకు తెలియదా అంటారు. నాకు ఒక్కదానికే టెన్షన్ అయిపోతుంది. ఈ వయసు పిల్లల క్లాసులో అసలు ఏం జరగాలి? వీడు నిజంగా వెనకబడ్డాడా? మాన్పించి మా వీధి అంగన్‌వాడీలో వేస్తే తప్పా? తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి.

తండా టీచరమ్మ

చెల్లె, నేను దేవరకొండ వైపు ఒక తండాలో అంగన్‌వాడీ టీచర్‌ని, పదిహేడేళ్ళ సర్వీసు. ముందు ఒక మాట విను, నీ కొడుకు వెనకబడలేదు. ఆ వయసు పిల్లలు నిలువు గీత, అడ్డ గీత గీసి, గుండ్రం ఒకటి దాదాపుగా మూయగలిగితే బాగా ఉన్నట్టే. నాలుగేళ్ళకు ప్లస్ గుర్తు వస్తుంది, ఐదుకు అటూ ఇటూగా నాలుగు మూలలది వస్తుంది, ఏటవాలు గీత మాత్రం ఆలస్యం, మూడు మూలలది ఐదేళ్ళు వస్తే కానీ కుదరదు. ఒకరికి ముందు, ఒకరికి వెనక, కానీ వరుస మాత్రం దాదాపు అందరికీ ఇదే. ఇంగ్లిష్ పెద్ద 'ఏ' రాయాలంటే రెండు ఏటవాలు గీతలు కావాలి. మన 'అ' సంగతి నీకే తెలుసు, ఎన్ని వంకరలున్నాయో. ఇంకా గుండ్రం కుదరని చేతిని అవి పేజీ నిండా రాయమంటే ఆ చెయ్యి గుంజక ఏమవుతుంది.

నేను కూడా మొదట్లో తప్పే చేశాను, దాచుకోను. గోడకు చార్టు తగిలించి, కట్టె పుల్లతో చూపిస్తూ అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు అని అందరితో గట్టిగా అనిపించేదాన్ని. మా తండా పిల్లలు ఇంట్లో మాట్లాడేది లంబాడీ. వాళ్ళకు అమ్మ అంటే యాడి, నీళ్ళంటే పాణి. చార్టులో అమ్మ బొమ్మ కింద 'అ' ఎందుకుందో ఆ పిల్లలకు ఎట్లా తెలుస్తుంది? ఒక పాప నాలుగు నెలలు నోరు తెరవలేదు. మందబుద్ధి అనే అనుకున్నాను. ఒకరోజు మా ఆయా, ఆమెది అదే తండా, డబ్బాలోంచి రొట్టె ముక్క తీసి "బాటి?" అని అడిగింది. ఆ పాప లేచి వచ్చి, వాళ్ళ నానమ్మ రొట్టెలు చేసేటప్పుడు మేకపిల్ల వచ్చి పిండి తినడం, దాన్ని తరిమితే పొయ్యి పక్కన పడడం, అంతా లంబాడీలో చేతులు ఊపుతూ చెప్పింది. నాకు సగమే అర్థమైంది కానీ ఆ రోజు నేను సిగ్గుపడ్డాను. అప్పటి నుంచి నేనే రోజుకు నాలుగు లంబాడీ మాటలు నేర్చుకుని, పిల్లలు వచ్చిన కొత్తలో వాళ్ళ భాషలోనే పలకరించి, మెల్లగా తెలుగులోకి తెస్తున్నాను.

క్లాసులో ఏం జరగాలన్నావు కదా, మా సెంటర్‌లో జరిగే ఒక్క పని చెబుతాను. పిల్లలకు గుడ్లు పంచేది పిల్లలే. ఆ రోజు పంచే వంతు వచ్చినవాళ్ళు ముందు ఎంతమంది వచ్చారో తల తాకుతూ లెక్కపెట్టాలి, అన్ని ప్లేట్లు తేవాలి, ప్లేటుకొక గుడ్డు పెట్టాలి. ఒక పిల్లాడు ఉండేవాడు, వంద దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు, వాళ్ళ నాన్నకు అదొక గొప్ప. వాడి వంతు రోజు పదమూడు మంది వచ్చారు. ఆయా ట్రేలో పన్నెండే పెట్టి ఇచ్చింది, పొరపాటున. వాడు వరుసగా పెట్టుకుంటూ పోయి చివరి పాప దగ్గర ఆగిపోయాడు. ట్రే చూశాడు, పాపను చూశాడు, మళ్ళీ మొదటి నుంచి ప్లేట్లు తాకుతూ వచ్చాడు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను, చెప్పేయాలని నాలుక మీదికి వచ్చింది కానీ ఆపుకున్నాను. రెండుసార్లు తిరిగి, మూడోసారి నా దగ్గరికి వచ్చి "టీచర్, ఇంకొకటి కావాలి" అన్నాడు. వంద దాకా చెప్పడం వాడికి పాట. ఇంకొకటి కావాలి అన్నదే లెక్క. అది వాడికి ఆ రోజు వచ్చింది. పుస్తకంలో ఎన్ని పేజీలు రాయించినా ఆ 'ఒకటి తక్కువ' అన్నది చేతికి తగలదు.

అంగన్‌వాడీలో వేయడం తప్పు కానే కాదు. మహారాష్ట్రలో తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ అనే ఇద్దరు ఆదివాసీ పిల్లలు బడికి రావడం లేదని బడినే వాళ్ళ ఇళ్ళ వాకిట్లోకి తీసుకుపోయారు, అంగన్‌వాడీ అన్న మాట అక్కడి నుంచి వచ్చిందే. 1975లో ఐసీడీఎస్, అంటే చిన్నపిల్లల అభివృద్ధికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన పథకం, మొదలైనప్పుడు ఆ పేరే పెట్టారు. పప్పూ గుడ్డుతో పాటు మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు ఆటపాటల చదువు చెప్పడం కూడా మా పనే. అయితే అన్ని సెంటర్లూ ఒక తీరుగా లేవు, అది కూడా నిజమే చెబుతున్నా. మీ వీధి సెంటర్‌కు చెప్పకుండా ఒక పొద్దున పోయి గంటసేపు కూర్చో. పిల్లల గొంతులు ఎక్కువ వినిపిస్తున్నాయా, టీచర్ గొంతా? వస్తువులు పిల్లల చేతికి అందే ఎత్తులో ఉన్నాయా, బీరువాలో తాళం వేసి ఉన్నాయా? అదే చూడు.

పాలమూరు నాన్న

అక్కా, మీ బాధ అర్థమైంది కానీ రెండో వైపు కూడా ఎవరో ఒకరు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. మాది మహబూబ్‌నగర్. మేము కూడా ఇట్లాంటి మాటలు విని మా పాపను ఆటలతో నేర్పుతామన్న ఒక చిన్న ప్లే స్కూల్లో రెండేళ్ళు ఉంచాం. రాత లేదు, హోంవర్క్ లేదు, పాప హాయిగా ఉంది, మేమూ హాయిగా ఉన్నాం. ఒకటో తరగతికి పెద్ద స్కూల్‌కు తీసుకుపోతే అక్కడ చేర్చుకునే ముందు కూర్చోబెట్టి డిక్టేషన్ పెట్టారు. ఒక్క మాట కూడా రాయలేదు. మళ్ళీ యూకేజీలో కూర్చోబెట్టండి అన్నారు. తోటి పిల్లలు ఒకటికి పోతుంటే అది యూకేజీ, ఇంట్లో నెల రోజులు ఒకటే ఏడుపు. మా ఆవిడ ఇప్పటికీ నన్నే అంటుంది.

తర్వాత తెలిసిందేమంటే ఆ ప్లే స్కూల్లో ఆటలంటే పెద్ద టీవీ పెట్టి రైమ్స్ వేసి వదిలేయడం. ముప్పై మంది పిల్లలు, ఒక్కటే అమ్మాయి, ఆమె మాత్రం ఏం చేస్తుంది. డబ్బులు కట్టి టీవీ చూపించినట్టయింది. అందుకే రాత వద్దు అని తేలిగ్గా అనేయడం నాకు నచ్చదు. మనం ఉండేది ఈ స్కూళ్ళ మధ్యనే, పిల్లలు పోవాల్సింది ఆ క్లాసులకే. కొంచెం కొంచెం అలవాటు చేయకపోతే తర్వాత ఒక్కసారి మీద పడుతుంది. నా మాట కటువుగా ఉంటే ఏమీ అనుకోకండి.

ఒకటో తరగతి సారు

నేను నాగర్‌కర్నూల్ జిల్లాలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీని, అంటే చిన్న తరగతుల టీచర్‌ని, ఎక్కువ ఏళ్ళు ఒకటి రెండు తరగతులకే చెప్పాను. పాలమూరు నాన్న గారూ, మీ కోపం న్యాయమైనదే. మీకు రెండు అన్యాయాలు జరిగాయి. ఒకటి, ఒకటో తరగతిలో చేర్చుకోవడానికి పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష పెట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్‌లోనే ఉంది. రెండు, ఆట పేరుతో మీ పాపను టీవీ ముందు కూర్చోబెట్టారు. పిల్లల్ని వదిలేస్తే దాన్ని ఆటతో చదువు అనరు. పైన టీచరమ్మ చెప్పిన గుడ్ల సంగతి చూడండి, ఆమె చెయ్యి కదపలేదు కానీ అంతా ఆమె ఏర్పాటే. ఎవరి వంతో, ఏం లెక్కపెట్టాలో, ఎప్పుడు మాట్లాడకూడదో ముందే అనుకుని చేసింది. అది రాత పేజీ ఇవ్వడం కంటే చాలా కష్టమైన పని. రాత పేజీ ఇచ్చేస్తే క్లాసు నిశ్శబ్దంగా ఉంటుంది, నలభై మంది పిల్లలున్న గదిలో ఒక్క టీచర్‌కు అదే సులువు. 2013 జాతీయ ఈసీసీఈ (చిన్నపిల్లల సంరక్షణ, విద్య) విధానంలో మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు ఇరవై మందికి ఒకరు ఉండాలని రాశారు. ఎన్ని నర్సరీలలో ఉన్నారు అట్లా?

అమ్మా, మీరు భయపడేది ఒకటో తరగతి గురించే కదా. ఒకటో తరగతిలో ఉండి నేను చూసింది చెబుతాను. ఒక ఏడాది ఒక పిల్లాడు వచ్చాడు, గుణింతాలన్నీ ముత్యాల్లా రాసేవాడు, నోట్‌బుక్కులు రెండు నింపి తెచ్చాడు. నేను బోర్డు మీద 'కాకి' అని రాసి చదవమన్నాను. చదవలేదు. 'కి' ఒక్కటే చూపిస్తే, వేళ్ళు మడుస్తూ లోపల లోపల "క, కా" అనుకుంటూ వచ్చి "కి" అన్నాడు. 'కొ' చూపిస్తే మళ్ళీ మొదటి నుంచి. అంటే ఆ అక్షరాలు వాడికి ఒక దండలాగా వచ్చాయి, పూలుగా రాలేదు. ఆ దండ తెంపి పూలు వేరు చేయడానికి నాకు దీపావళి దాటింది. అదే ఏడాది ఇంకో పాప, పెన్సిల్ పట్టడం కూడా సరిగా రాదు, కానీ వాళ్ళ తాత దగ్గర కథలు విని విని నోట్లో మాట ఆగదు. ఏదైనా చెబితే ఎందుకు అంటుంది, అట్ల కాదు సార్ అంటుంది. సంక్రాంతికల్లా ఆమె చిన్న చిన్న వాక్యాలు చదివేసింది. ఇద్దరిని చూసి సూత్రం చేయకూడదని నాకు తెలుసు, కానీ ఇట్లాంటి జంటలు ప్రతి ఏడాదీ కనిపిస్తూనే ఉన్నాయి.

నా దగ్గరికి వచ్చే పిల్లాడు కథ చెబితే చివరిదాకా వినాలి, తనకు ఏం కావాలో నోరు తెరిచి అడగాలి, పది చింతగింజలు ఇస్తే ఒక్కొక్కటి తాకుతూ సరిగా లెక్కపెట్టాలి, తోటి పిల్లాడితో వస్తువు పంచుకోవాలి. ఇవి ఉంటే అక్షరాలు నేను నేర్పుకుంటాను, అది నా పని.

ఇంట్లో చేయాలంటే, మన తెలుగుకు ఒక గొప్ప వీలు ఉంది. మనం రాసేది అక్షరం అక్షరంగా, పలికేది కూడా దాదాపు అట్లాగే. చప్పట్లు కొడుతూ బ, త్తా, యి అని మూడు ముక్కలు చేయమనండి. నాన్న పేరు ఎన్ని చప్పట్లు, నానమ్మ పేరు ఎన్ని? 'మ'తో మొదలయ్యే వస్తువులు ఇంట్లో ఏమున్నాయి, మంచం, మజ్జిగ, మగ్గు. బస్సులో పోయేటప్పుడు ఆడుకునే ఆట ఇది, పెన్సిల్ అక్కర్లేదు, రేపు చదవడానికి అసలు పునాది మాత్రం ఇదే. అక్షరాలు చూపించాల్సి వచ్చినప్పుడు కూడా 'అ'తోనే మొదలుపెట్టాలని లేదు, ర, గ, ల, ట లాంటి తేలిక రూపాలు, రోజూ నోట్లో ఉండే మాటల్లోవి ముందు చూపించవచ్చు. ఋ, ౠ దగ్గర చెయ్యి విరుచుకుని చదువంటేనే విసుగెత్తిన పిల్లలను ఎంతమందిని చూశానో.

లెక్కలకు బతుకమ్మ కంటే మంచి పాఠం నాకు ఇంతవరకు దొరకలేదు. తంగేడు ఒక కుప్ప, గునుగు ఒక కుప్ప, బంతి ఒక కుప్ప, విడదీయడం వర్గీకరణ. కింద పెద్ద వరుస, పైకి పోను పోను చిన్నది. రంగు మార్చి రంగు పేర్చడం. అమ్మలు పేరుస్తుంటే పూలు అందించే పిల్లలకు ఇదంతా చేతుల్లోకి వచ్చేస్తుంది.

ఇంకొకటి, స్కూల్‌వాళ్ళతో మాట్లాడితే పనికొస్తుంది. 2022 అక్టోబర్‌లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మూడు నుంచి ఎనిమిదేళ్ళను ఒకే దశగా పెట్టింది, 2020 విద్యావిధానం చెప్పిందే. అందులో మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు పాఠ్యపుస్తకం పెట్టవద్దని, ఈ వయసుకు పరీక్షలు తగవని రాశారు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ అంగన్‌వాడీల కోసం 2024లో తెచ్చిన ఆధార్‌శిల అనే 48 వారాల ప్రణాళికలో మొదటి 4 వారాలు పిల్లలు ఇంటి నుంచి సెంటర్‌కు అలవాటు పడడానికే కేటాయించారు. నాలుగు వారాలు, అలవాటుకే. ఏడుస్తున్న పిల్లాడిని మొదటి రోజే పలక ముందు కూర్చోబెట్టేవాళ్ళు ఈ ఒక్క సంగతి తెలుసుకున్నా చాలు.

మిర్యాలగూడ ఫిజియో

చేతి గురించి రాస్తాను, నేను ఫిజియోథెరపిస్ట్‌ని, పిల్లల కేసులు ఎక్కువగా చూస్తాను. మణికట్టులో 8 చిన్న ఎముకలు ఉంటాయి. పుట్టిన బిడ్డకు ఎక్స్‌రే తీస్తే మామూలుగా అవి కనబడవు, ఇంకా మెత్తటి మృదులాస్థిగానే ఉంటాయి. మొదటి రెండు కొన్ని నెలల్లో గట్టిపడడం మొదలుపెడతాయి, మిగతావి ఒకదాని తర్వాత ఒకటి ఏళ్ళ తరబడి వస్తూ, చివరిది కనబడేసరికి 9 నుంచి 12 ఏళ్ళు అవుతుంది. అందుకే పిల్లల ఎముకల వయసు తెలుసుకోవాలంటే డాక్టర్లు చేతి ఎక్స్‌రే తీయిస్తారు. ఎముక గట్టిపడలేదు కాబట్టి పెన్సిలే పట్టకూడదు అని కొందరు వీడియోల్లో చెబుతున్నారు, అది అతి. పిల్లలు గీతలు గీసుకోవాలి, రంగులు వేసుకోవాలి. అసలు సమస్య వేళ్ళలోని చిన్న కండరాలకు పట్టు రాకముందే చిన్న గీతల మధ్య గంటలు గంటలు రాయించడం. మీ బాబు పిడికిలితో పట్టుకుంటున్నాడంటే రాసేది వేళ్ళతో కాదు, భుజంతో. పేజీ చిరిగేది అందుకే, చెయ్యి గుంజేది అందుకే. మూడు వేళ్ళ పట్టు నాలుగు నుంచి ఆరేళ్ళ మధ్య కుదురుకుంటుంది.

దానికి రాత పేజీలు పని చేయవు, పిండి పని చేస్తుంది. జొన్నరొట్టె పిండి ముద్ద ఒకటి వాడికివ్వండి, ఒత్తనివ్వండి. పల్లికాయలు ఒలవడం, బట్టలకు క్లిప్పులు పెట్టడం, తడిగుడ్డ పిండడం, గచ్చకాయలు ఎగరేసి పట్టడం. ఏరువాకకు పిల్లలు మట్టితో ఎద్దులు చేసేవాళ్ళు కదా, కొమ్ము చేయాలంటే మూడు వేళ్ళ మధ్య మట్టి నలపాలి, పెన్సిల్ పట్టుకు కావాల్సింది సరిగ్గా ఆ కదలికే. భుజం, వెన్ను గట్టిపడితేనే వేళ్ళు నిలుస్తాయి కాబట్టి చెట్లెక్కడం, వేలాడడం, దొర్లడం కూడా రాతలో భాగమే. రాయాలంటే నేల మీద సుద్దముక్కతో పెద్ద పెద్దగా, గోడ మీద నీళ్ళలో ముంచిన బ్రష్‌తో. అక్షరాభ్యాసం నాడు బియ్యంలో వేలితో రాయిస్తాం. పెన్సిల్ లేదు, గీతలు లేవు, పంతులుగారి ఒళ్ళో కూర్చుని ఒక్కసారి. మన పెద్దవాళ్ళు మొదలుపెట్టించిన తీరు అది.

పక్క తడపడం గురించి. ఐదేళ్ళ లోపు అది జబ్బేమీ కాదు. కానీ మానేసి నెలలైన తర్వాత మళ్ళీ మొదలైంది, దానికి తోడు కడుపు నొప్పి అంటున్నాడు కాబట్టి ఒకసారి పిల్లల డాక్టర్‌కు చూపించి యూరిన్ పరీక్ష చేయించండి. అందులో ఏమీ లేకపోతే మనసు మీద బరువు అనుకోవచ్చు. దీని గురించి మాత్రం ఎవరూ వాడిని తిట్టకండి, నవ్వకండి. ఇది మీకని కాదు, చదివే అందరికీ: నాలుగేళ్ళు వస్తున్నా రెండు మూడు మాటలు కలిపి చెప్పకపోతే, పేరు పిలిస్తే తిరగకపోతే, తోటి పిల్లల వైపే చూడకపోతే, 'ఎదిగితే అదే వస్తుంది' అని ఆగకండి. జిల్లా కేంద్రాల్లో ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద డైక్ సెంటర్లు, అంటే ఎదుగుదల సమస్యలను చిన్నప్పుడే గుర్తించి చూసే కేంద్రాలు, ఉన్నాయి, అక్కడ ఉచితంగా చూస్తారు.

చిన్నోడి అమ్మ, నల్లగొండ

అందరికీ చాలా థాంక్స్. రాత్రి రెండుసార్లు చదివాను, రెండోసారి మావారికి ఫోన్‌లో చదివి వినిపించాను. టెస్ట్ చేయించాం, ఇన్ఫెక్షన్ ఏమీ లేదన్నారు డాక్టర్. స్కూల్ మార్చాలంటే ఫీజు సగం కట్టేశాం, ఈ ఏడాదికి అక్కడే ఉంచాలి. వాళ్ళతో ఎట్లా మాట్లాడాలి? గొడవ పెట్టుకుంటే ఆ కోపం పిల్లాడి మీద చూపిస్తారేమో అని భయం. ఇంట్లో అత్తమ్మకు ఎట్లా చెప్పాలో అది ఇంకా పెద్ద సంగతి.

తండా టీచరమ్మ

చెల్లె, గొడవ ఎందుకు. ఆ టీచర్ కూడా ఎవరో చెప్పింది చేస్తుంది, ఆమెకు ఇంటికి పోతే మళ్ళీ దిద్దాల్సిన నలభై నోట్‌బుక్కులు. ప్రిన్సిపల్ దగ్గరికి ముందే పోవద్దు, క్లాస్ టీచర్‌తో ఒంటరిగా మాట్లాడు. వేలు కందిన సంగతి చెప్పు, నువ్వు చెయ్యి పట్టి రాయించిన సంగతి కూడా దాచకుండా చెప్పు. "ఇంట్లో పది నిమిషాలకు మించి రాయించను మేడం, ఎంత అయితే అంత పంపిస్తాను, మీరు వాడిని ఏమీ అనకండి" అని నెమ్మదిగా, కానీ గట్టిగా అడుగు. చాలామంది టీచర్లకు లోపల తెలుసు. ఎవరో ఒక తల్లి అడిగితే వాళ్ళకు కూడా పైన చెప్పుకోవడానికి ఒక మాట దొరుకుతుంది. ఒకవేళ కొట్టడం, ఎండలో నిలబెట్టడం లాంటిది ఏదైనా జరిగితే మాత్రం నెమ్మది అక్కర్లేదు, రాసి ఇవ్వు.

పెద్దవాళ్ళకు చెప్పడానికి నా దగ్గర ఒక్కటే ఉపాయం ఉంది. మేము నెలకోసారి ఈసీసీఈ డే పెట్టి తల్లిదండ్రులను పిలుస్తాం. "ఆడుకోవడానికైతే మా ఇంటి కాడ జాగా లేదా టీచరమ్మా" అని ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు. ఒకసారి అందరికీ తలా ఒక కాగితం ఇచ్చి, ఎడమ చేత్తో మీ పేరు ఇరవైసార్లు రాయండి, గీత దాటొద్దు అన్నాను. చదువు రాని తల్లులకు పలక మీద ఉన్న బొమ్మ చూసి దింపమన్నాను. నేను పక్కన నిలబడి "తొందరగా, తొందరగా, పక్కామె అయిపోగొట్టింది చూడు" అంటూ ఉన్నాను. ఐదో లైనుకే ఒకాయన పెన్సిల్ కింద పెట్టి చెయ్యి విదిలించుకున్నాడు. వంద దాకా చెప్పే పిల్లాడన్నాను చూడు, వాళ్ళ నాన్నే. ఏమీ మాట్లాడలేదు. మర్నాడు కొడుకును దింపి పోతూ "గుడ్లు వీడితోనే పంచిపియ్యండి" అని చెప్పి పోయాడు.

మీ అత్తమ్మను మాత్రం ఎదురించకు. ఆమె దగ్గర ఉన్న కథలు, పాటలు, ఆటలు ఏ నర్సరీలోనూ దొరకవు. సాయంత్రం ఆ రెండు గంటల్లో ఒక గంట పిల్లాడిని ఆమెకు అప్పజెప్పు.

పాలమూరు నాన్న

సారు చెప్పిన సెక్షన్ సంగతి నాకు అప్పుడు తెలిసుంటే బాగుండేది. మా పాప ఇప్పుడు రెండో తరగతి, బాగానే చదువుతుంది. రెండోవాడికి ఇప్పుడు మూడేళ్ళు నిండుతున్నాయి. ఈసారి చేర్పించే ముందు టీచరమ్మ చెప్పినట్టు గంటసేపు కూర్చుని చూసే వేస్తాను. అక్కా, మీ స్కూల్ మేడం ఏమన్నదో రాయండి.

చిన్నోడి అమ్మ, నల్లగొండ

మూడు వారాలైంది, రాస్తానని రాయలేదు, క్షమించండి. మేడంతో మాట్లాడాను. మొదట కొంచెం ముఖం ముడుచుకున్నా, వేలు సంగతి చెప్పేసరికి మెత్తబడింది. నాలుగు పేజీలు పూర్తిగా తీసేయడం తన చేతిలో లేదన్నది, మా బాబుకు మాత్రం ఒక పేజీ చాలని డైరీలో రాసి ఇచ్చింది. ఇంకో ఇద్దరు తల్లులు కూడా నాతో పాటు వచ్చారు, వాళ్ళ పిల్లలకూ అట్లాగే చేసింది. పొద్దున కడుపు నొప్పి తగ్గింది. రాత్రి పక్క తడపడం ఇంకా పూర్తిగా పోలేదు, వారానికి ఒకటి రెండుసార్లు.

ఎడమ చేతి రాత మా ఇంట్లో మావారితో చేయించాను, ఆదివారం వచ్చినప్పుడు. ఆయన ఎనిమిదో లైనులో ఆపేశారు.

నిన్న సాయంత్రం మా ఊరి నుంచి మామయ్య తోటలో బత్తాయిలు పంపించారు. ఎప్పుడూ నేనే ఒలిచి తొనలు తీసి పెడతాను. ఈసారి తొక్కకు పైన ఒక చీలిక పెట్టి వాడి చేతికిచ్చి ఊరుకున్నాను. పావుగంట పట్టింది, రసం మోచేతుల దాకా కారింది, చాప అంతా ఖరాబయింది, నాలుక బయట పెట్టి మరీ ఒలిచాడు. తొనలు నానమ్మ కొంగులో వేసి ఒక్కొక్కటి తాకుతూ లెక్కపెట్టాడు, ఏడు తర్వాత తొమ్మిది అన్నాడు, అత్తమ్మ ఏమీ అనలేదు. తర్వాత వాకిట్లో సుద్దముక్క తీసుకుని పెద్ద గుండ్రం గీశాడు. ఇంతకుముందు ఎప్పుడూ మూసేవాడు కాదు, ఈసారి కొన తెచ్చి కొనకు కలిపాడు. "ఇది బత్తాయి" అన్నాడు. కాసేపు చూసి మధ్యలో ఒక చుక్క పెట్టి "ఇది గింజ" అన్నాడు.

అత్తమ్మ వంగి చూసి "పైన తలకట్టు పెడితే 'ఠ' అయితది కదనే" అని నాతో మెల్లగా అన్నది. సుద్దముక్క తీసుకుంటుందేమో అనుకున్నాను. తీసుకోలేదు. "ఇంకో కాయ గీయి బిడ్డా, నాకు ఒకటి గావాలె" అని వాడి పక్కన కూర్చున్నది.